తల ఊపని సాయంత్రం

కోటబొమ్మాళి దగ్గర మన ఊరు,
26 అక్టోబరు 2018

చిరంజీవి అరుణశ్రీకి,

పెద్దమ్మ కూర్మమ్మ దీవెనలు. అక్కడ క్షేమమని తలుస్తాను.

నువ్వు ఉత్తరం రాసి ఏడాది దాటింది. దేశానికి వచ్చిన డబ్బు కష్టాల్లో కొన్ని తొందరగా ఎందుకు సర్దుకుంటాయి, కొన్ని మనుషుల్ని ఎందుకు తినేస్తాయి అన్నది నీ పరిశోధన అని రాశావు. మన ఊరి పెట్టె సంఘం ఎలా పోయిందో చెప్పమని అడిగావు. ఆ ఉత్తరం దేవుడి గూట్లో పంచాంగం కింద పెట్టాను. పదో తరగతి చదివినదాన్ని, నీ పుస్తకానికి నేనేం రాయను అని సాకు చెప్పుకున్నాను. రోజూ దీపం పెట్టేటప్పుడు అది కనిపించేది.

ఇప్పుడు కలం ఎందుకు పట్టానంటే, మొన్న మీ నాన్న వచ్చి వెళ్ళాడు.

తుఫాను సంగతి నీకు తెలుసు. తిత్లీ అని పేరు. తెల్లారేసరికి మన తోటలో కొబ్బరిచెట్లకు తలలు లేవు. రెండు వారాలు కరెంటు లేదు. ఫోను టవరు ఒక పూట ఉంటే ఒక పూట ఉండదు. ఉన్నా, ఆ ఫోను మీ పెదనాన్న జేబులో ఉంటుంది. ఇవి ఆయన పక్కన నిలబడి చెప్పే మాటలు కావు.

మీ నాన్న బరంపురం నుంచి మోటారుసైకిల్ మీద వచ్చాడు. వెనక ఒక టార్పాలిన్, అరబస్తా బియ్యం, కొవ్వొత్తులు. మీ పెదనాన్న అరుగు మీద కూర్చుని ఉన్నారు. లేవలేదు.

"అన్నయ్యా, ఎనకింటి రేకులు ఎగిరిపోనాయని ఇన్నాను. కప్పుకోడానికి తెచ్చినాను."

"రేకులు లేకపోతే సుక్కలు సూసుకుంటాం. నీకేటి?"

ఎదురింటి గున్నమ్మ ఊరుకుంటుందా? "వచ్చినాడమ్మా మైకు బాబు! ఈసారి ఏటి సాటిస్తావు గిరీ?" అంది. వీధిలో నలుగురూ నవ్వారు. మీ నాన్న కూడా నవ్వబోయాడు, నవ్వు రాలేదు. సామాను అరుగు చివర పెట్టి, తలుపు దగ్గర ఉన్న నన్ను చూసి, "ఒదినా, ఒంట్లో బాగుంటన్నాదా?" అన్నాడు. నేను తలుపు వెనక్కి జరిగాను. బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. అంతదూరం వచ్చినవాడికి గుక్కెడు మంచినీళ్ళు ఇవ్వలేదు తల్లీ.

ఆ రోజు నుంచి అన్నం సహించడం లేదు. అందుకే రాస్తున్నాను.

మీ తాతగారు పెట్టిన సంఘం అది. సంక్రాంతి వెళ్ళి వడ్లు అమ్మాక ఇంటింటివాళ్ళూ కొంత తెచ్చి టేకు పెట్టెలో వేసేవారు. నాట్ల సమయంలో కావలసినవాళ్ళు అప్పుగా తీసుకునేవారు. పెట్టె మన ముందుగదిలో ఉండేది. తాతగారి తర్వాత మీ పెదనాన్న పెద్దరికం, మీ నాన్న రాతకోతలు.

తొంభై తొమ్మిది గాలివానకి ముందుగది కప్పు లేచిపోయి పెట్టెలోకి నీళ్ళు దిగాయి. తాతగారు అందులో మిగిలి ఉన్న కాసిని నోట్లూ వీధిలో చాపల మీద ఆరబోసి, గాలికి పోకుండా గులకరాళ్ళు పెట్టారు. ఊరంతా వచ్చి చూసింది. పెట్టెలో ఎంతుందో, ఎంత తడిసిందో అందరికీ కళ్ళముందే ఉంది. ఆ సాయంత్రం కొందరు తమ దగ్గర దాచుకున్నది కూడా తెచ్చి పెట్టెలో కలిపారు. అంతకుముందు తొంభై ఒకటిలో దేశం బంగారం తాకట్టు పెట్టిందని నువ్వు రాశావు. మాకు ఆ ముచ్చటే తెలియదు. ఆ ఏడు మినుములు బాగా పండాయని వడియాలు ఎక్కువ పెట్టుకున్నాం.

రెండువేల పదహారు కార్తీకంలో గాలీ లేదు, వానా లేదు. పొలంలో వరి గింజ గట్టిపడుతోంది. పెద్దనోట్లు చెల్లవన్నారు. ఆరో రోజుకి మన పెట్టె పోయింది.

కార్తీకంలో పెట్టె ఎప్పుడూ దాదాపు ఖాళీయే. డబ్బంతా పొలంలో నిలబడి ఉంటుంది. కోత అయితే తిరిగొస్తుంది. ఇది ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. అన్నేళ్ళుగా తెలిసిన సంగతే ఆ వారం భయంగా మారింది. ఆ సోమవారం సాయంత్రం మీ నాన్న పాలకేంద్రం దగ్గర, "డబ్బులున్నాయి, ఎవలూ బయపడొద్దు, ఎవలూ రావొద్దు" అని అరుచుకుంటూ తిరిగాడు. అనుమానం లేనివాడికి కూడా అప్పుడు అనుమానం వచ్చింది. దీపాల వేళకి మన వీధి నిండిపోయింది. మర్నాటి నుంచి అప్పు తీసుకున్న రైతుల్ని తిరిగి కట్టమని అడగాల్సి వచ్చింది. వాళ్ళు కోతకి రాని వరిని పాతపట్నం వ్యాపారికి సగం ధరకి అమ్ముకున్నారు. మీ పెదనాన్న మన మూడెకరాలు అమ్మి కొంత కొంతగా తీర్చారు. తమ్ముణ్ణి మాత్రం ఇంట్లోంచి వెళ్ళిపొమ్మన్నారు.

మీ నాన్న చెడ్డవాడు కాదమ్మా. భయంలో మనిషి నోరు జారుతుంది. నాకు అతని మీద కోపం లేదు. అది నీకు తెలియాలని రాస్తున్నాను.

వేళకి తిను. చన్నీళ్ళు తలకి పోసుకోకు.

మీ పెద్దమ్మ


హైదరాబాదు, హాస్టలు,
3 నవంబరు 2018

పెద్దమ్మకి,

అరుణ నమస్కారాలు. నీ ఉత్తరం చూసి గదిలో అమ్మాయిలు ఆశ్చర్యపోయారు, ఈ రోజుల్లో కూడా ఇన్ని పేజీలు చేత్తో రాసేవాళ్ళున్నారా అని. కవరు తెరవగానే మన ఇంటి కర్పూరం వాసన వచ్చింది. ఇక్కడి సాంబారులో ముక్క వెతుక్కోవాలి. నీ ములక్కాడ పులుసు గుర్తొచ్చి ఆ పూట భోజనానికి వెళ్ళలేదు.

నోట్లు ఆరబోయడం గురించి రాశావే, అది మా గురువుగారికి చదివి వినిపించాను. ఆ ముక్క ఇంకోసారి చదవమన్నారు. తర్వాత అన్నారు: "దెబ్బ పెద్దదా చిన్నదా అన్నదొక్కటే చూడకు. దెబ్బ తగిలిన రోజు డబ్బు ఎక్కడుంది, పక్కవాడి దగ్గర ఏముందో నీకు కనిపిస్తోందా, నువ్వు ఎవరి మాట నమ్ముతున్నావు, ఇవి చూడు." యుద్ధాల తర్వాత దివాలా తీసిన బ్యాంకుల సంగతులు చదువుతుంటే చాలా చోట్ల ఇదే. బాగున్న బ్యాంకు కూడా ఒక సాయంత్రంలో పోయింది. ఎవరో ఒకరు ముందు పరిగెత్తారు.

పెద్దమ్మా, ఒక మాట దాచకుండా చెప్తాను. ఊరంతా నాన్నని మైకు అని వెక్కిరించినా నేను నమ్మలేదు. నాన్న ఏమీ చెప్పడు. అడిగితే రేడియో గొంతు పెంచుతాడు. ఇన్నాళ్ళూ నీ జవాబు కోసం చూసింది, ఆయన తప్పు లేదని నువ్వు ఒక్కదానివైనా రాస్తావని. నువ్వు కూడా నోరు జారాడనే రాశావు. నువ్వు అబద్ధం రాయవు. ఇక నమ్ముతున్నాను.

పరిశోధనలో ఒక అధ్యాయం మన పెట్టె మీద రాస్తాను. ఊరి పేరు, మనుషుల పేర్లు ఉండవు. బాగున్న సంఘాన్ని దాని గుమస్తాయే ఒక అరుపుతో ఎలా కూల్చాడో అందులో ఉంటుంది. సొంత తండ్రి గురించి రాయడం కష్టమే. కానీ నిజం నిజమే కదా.

నీ కార్తీక సోమవారాలు మొదలవుతాయి. నా తరఫున కూడా ఒక దీపం పెట్టు.

నీ అరుణ


మన ఊరు,
12 నవంబరు 2018, సోమవారం

చిరంజీవి అరుణకి,

దీవెనలు. నీ పేరున తులసికోట దగ్గర దీపం పెట్టాను. గాలికి రెండుసార్లు ఆరింది, మూడోసారి నిలబడింది.

ఆ అధ్యాయం రాయొద్దు తల్లీ.

ఎందుకని అడగకు. నీ చదువు పాడవుతుందనుకుంటే ఇంకో ఊరి సంగతి రాసుకో.

నీకు బుల్లమ్మ గుర్తుందా? సముద్రం ఒడ్డు ఊరినుంచి వచ్చి, మన ఊరి చివర ఉండి, ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని తిరిగేది. నేను కార్తీకంలో నీచు ముట్టనని, ఆ నెలంతా మన వీధిలోకి గంప దించి వచ్చేది, వాసన తగలకూడదని. పైలీన్ తుఫానుకి ఆమె తాటాకు కప్పు పోయింది. నాలుగు గోడలు లేపి, పైన శ్లాబు వేసుకోవాలని మూడేళ్ళు పెట్టెలో వేసుకుంది. ఆ సోమవారం జనం తోసుకుంటుంటే ఆమె వచ్చి వెనక నిలబడింది. మీ పెదనాన్న ఊళ్ళో లేరు. మీ నాన్న పెట్టెలో ఉన్నదంతా పంచేశాడు. "నువ్వూ సెయ్యి సాపవే" అని ఎవరో అంటే, "అమ్మ ఇంటికాడ నాను తోసుకుంతానా? ఉంటే ఇస్తారు, నేకపోతే నేదు" అంది. ఆమె వంతు వచ్చేసరికి ఏమీ మిగల్లేదు. ఆ తర్వాత కూడా నోరు తెరిచి అడగలేదు. అడిగినవాళ్ళకి తీరుస్తూ పోయారు. ఆమె చెన్నపట్నం కూలికి పోయి, అక్కడ మేడలకి శ్లాబు వేసే చోట సిమెంటు మోసింది. తరవాతి ఎండాకాలం జ్వరంతో అక్కడే పోయింది. శవం కూడా రాలేదు.

ఆ నాలుగు గోడలు అలాగే ఉన్నాయి, నాచు పట్టి. తిత్లీకి కూడా పడలేదు. పడిపోవడానికి పైన ఏమీ లేదు కదా. పూజకి పువ్వులు కోయడానికి అటు వెళ్తాను. లోపల ఎవరో కూర్చుని తమ వంతు కోసం చూస్తున్నట్టు ఉంటుంది. ఇది భ్రమ అని నాకు తెలుసు. తెలిసినా అక్కడ మాత్రం నేను మెల్లగా నడవలేను.

నిన్న గున్నమ్మ వచ్చి, "బావా, మళ్ళీ పెట్టె పెడదాం. సర్కారోడి తుపాను నట్టం డబ్బు ఎప్పుడొస్తాదో, ఎవలికొస్తాదో. మనకి మనమే దిక్కు" అంది. మీ పెదనాన్న సరే అన్నారు. ఒక్క షరతు: "గిరిగాడు ఈ ఊళ్ళో ఉండకూడదు. ఆడి ఇంటి వాటాకి డబ్బు ఆడికి కట్టిచ్చేస్తాను." కాగితం రాయించడానికి వచ్చే వారం టెక్కలి వెళ్తామంటున్నారు. మీ నాన్నకి బరంపురం మిల్లులో పని పోయిందని, ఇంటికొచ్చేద్దామనుకుంటున్నాడని నాకు వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. ఆ కాగితం అయిపోతే అతనికి రావడానికి ఇల్లు ఉండదు.

ఇవాళ నాకు మౌనవ్రతం, చుక్క పొడిచాక గాని ఎవరితోనూ మాట్లాడను. రాయడం మాట్లాడటం కాదనుకుంటున్నాను. తప్పైతే శివుడు క్షమిస్తాడు.

మీ పెద్దమ్మ


హైదరాబాదు,
17 నవంబరు 2018

పెద్దమ్మకి,

నువ్వు ఎందుకు వద్దన్నావో నాకు అర్థమైంది. ఇంటి పరువు కోసం, నాన్న కోసం. నీ మనసు అలాంటిది. నీకు ద్రోహం చేసినవాణ్ణి కూడా నువ్వు కాపాడుతున్నావు.

నేను అంత మంచిదాన్ని కాదు. బుల్లమ్మ సంగతి చదివాక ఊరుకోలేకపోయాను. నాన్నకి ఫోన్ చేశాను. ఈసారి రేడియో పెంచనివ్వలేదు.

"ఆ రోజు అరిచింది నువ్వేనా నాన్నా?"

"నానేనమ్మా."

"ఎందుకు అరిచావు? ఎవరడిగారు నిన్ను?"

"ఎవలూ అడగలేదు."

"బుల్లమ్మ చచ్చిపోయింది తెలుసా? నీ వల్లే."

అటు రేడియో కట్టేసిన చప్పుడు వినిపించింది. తర్వాత అన్నాడు, "మీ పెద్దమ్మని మాత్రం ఈ ముచ్చట్లు ఏటీ అడక్కు. ఆవిడ ఆ దినం వ్రతంలో ఉన్నాది." అంతే, పెట్టేశాడు. రెండురోజులుగా ఎత్తడం లేదు. అమ్మ ఎత్తి, సరిగా తినడం లేదని చెప్పింది.

పాపం, నువ్వు వ్రతంలో ఉన్నావు, నీకేం తెలుస్తుంది! అనవసరంగా నిన్ను ఇందులోకి లాగాను. క్షమించు. ఇంటికి వెళ్తానని పెదనాన్నని బతిమాలొద్దని నాన్నకి మెసేజ్ పెట్టాను. ఆ కాగితం రాసుకుంటే రాసుకోనీ. చేసినదానికి అది ఎక్కువ శిక్ష కాదు.

అరుణ


మన ఊరు,
23 నవంబరు 2018, కార్తీక పౌర్ణమి

అరుణా,

ముందు మీ నాన్నకి ఫోన్ చెయ్యి. ఎత్తేదాకా చెయ్యి. తర్వాత వచ్చి ఇది చదువు.

ఆ సోమవారం కూడా పౌర్ణమే. స్నానం చేసిన దగ్గర్నుంచి చుక్క పొడిచేదాకా నాకు మౌనం. కాపురానికి వచ్చిన ఏడు పట్టిన వ్రతం, ఊరందరికీ తెలుసు. మీ పెదనాన్న పాతపట్నం వెళ్ళారు. మీ నాన్న ముందుగదిలో రాసుకుంటున్నాడు. నేను అరుగు మీద కూర్చుని మూడువందల అరవై ఐదు వత్తులు నేతిలో నానబెడుతున్నాను. నన్ను అక్కా అని పిలిచే వరస కదా, గున్నమ్మ వచ్చి నా మోకాలి దగ్గర కూర్చుంది.

"అప్పా, నీకు ఇయాల మాట నేదని తెలుసు. మాటాడొద్దు. మా డబ్బులు బద్రమేనా? తలూపు, సాలు."

తల ఊపితే వ్రతం చెడదు. మందు వేసుకున్నావా అని మీ పెదనాన్న అడిగితే ఊపుతాను. ఆవుకి కుడితి పెట్టావా అంటే ఊపుతాను. అప్పుడు ఊపలేదు.

ఆ పొద్దున్న గది తుడుస్తూ పెట్టె మూత ఎత్తి చూశాను. అడుగు కనిపించింది. ఏటేటా కార్తీకంలో కనిపించే అడుగే. కానీ ఆ రోజు నాకు పొలం గుర్తుకు రాలేదు. అడుగు మాత్రమే కనిపించింది. భద్రమే అని ఊపితే అది అబద్ధమైపోతుందేమో, వ్రతం రోజు ఆ పాపం నాకు చుట్టుకుంటుందేమో అనుకున్నాను. లేదని ఊపే ధైర్యమూ లేదు. తూర్పుకి చూశాను. చెయ్యి పైకి లేచింది. 'చుక్క పొడవనీ, చెప్తాను' అన్నది నా ఉద్దేశమని రెండేళ్ళుగా దేవుడికి చెప్పుకుంటున్నాను. దేవుడికి కూడా అబద్ధమే చెప్పాను. నాకు ఏ ఉద్దేశమూ లేదు. ఆ ప్రశ్న నా మీదనుంచి దిగిపోతే చాలనుకున్నాను.

"పైవోడికి ఒదిలేసినావా అప్పా!" అంటూ గున్నమ్మ లేచి గబగబా వెళ్ళిపోయింది.

మీ నాన్న గడపలో నిలబడి అంతా చూశాడు. "ఒదినా, తలైనా ఊపలేకపోనావా?" అన్నాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. ఆమె వెనకే పరిగెత్తాడు. పాలకేంద్రం దగ్గర అతను అరిచింది నిజం అరుణా. నేను చెప్పాల్సిన నిజం. నెమ్మదిగా ఒక తల ఊపితే సరిపోయేదాన్ని, పరిగెత్తుతూ అరిస్తే ఎవరు నమ్ముతారు?

మీ పెదనాన్న వచ్చేసరికి చుక్క పొడిచి చాలాసేపయింది. నాకు మాట తిరిగొచ్చేసింది. "ఎవడు పుట్టించినాడు ఈ బయం?" అని ఆయన కేకలేస్తుంటే మీ నాన్న నా వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. "నానే అరిసినాను" అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

గున్నమ్మ ఎందుకు చెప్పలేదని నీకు అనిపిస్తుంది. అందరికంటే ముందు వచ్చి డబ్బు తీసుకున్నది ఆమే. నా చెయ్యి సంగతి ఎత్తితే తన పరుగు సంగతి కూడా వస్తుంది. మా ఇద్దరికీ ఒక మైకు దొరికాడు. ఊరికి కూడా దొరికాడు. గాలివాన తర్వాత నింద వెయ్యడానికి మనిషి లేడు కాబట్టి అందరం కలిసి కప్పులు వేసుకున్నాం. ఈసారి మనిషి దొరికాడు, వెళ్ళగొట్టాం, మన తప్పులు కూడా అతనితోనే బరంపురం పంపేశాం. తిత్లీ వచ్చేసరికి ఊరికి పెట్టె లేదు. ఎందుకు కొన్ని కష్టాలు తేరుకోవు అని నువ్వు అడిగినదానికి నాకు తెలిసింది ఇదే. నీ గురువుగారికి ఇది సరిపోతుందో లేదో తెలియదు.

నన్ను అడగొద్దని మీ నాన్న నీతో అన్నది నాకేమీ తెలియదని కాదు. నువ్వు నా మీద పెట్టుకున్న గౌరవం పోకూడదని. నీ చేత 'నీ వల్లే చచ్చిపోయింది' అనిపించుకుని కూడా చెప్పలేదు. నీ ఉత్తరం చదివాక ఇంక నేను దేవుడి గదిలో కూర్చోలేకపోయాను.

టెక్కలి ప్రయాణం సోమవారానికి పెట్టుకున్నారు. ఇవాళ మధ్యాహ్నం మీ పెదనాన్న భోజనం చేసి చెయ్యి కడుక్కుంటుంటే చెప్పేశాను. మొత్తం చెప్పాను. ఆయన చెంబు కింద పెట్టలేదు.

"గిరిగాడికి తెలుసా?"

"కళ్ళారా సూసినాడు."

"మరి ఈ రెండేళ్ళూ నాతో అనలేదేటి?"

"నాను అనలేదు కదా, అందుకని."

తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు, చాలాసేపు. చొక్కా వేసుకుని వెళ్ళిపోయారు. నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. రైలు స్టేషను వైపు వెళ్ళారని పాలు పోసే ఆవిడ అంది. కాదు, ఆ అమ్మేసిన మూడెకరాల వైపు వెళ్ళడం చూశానని గున్నమ్మ అంటోంది. చంద్రుడు వచ్చేశాడు. ఇంకా రాలేదు. వత్తులు వెలిగించాను. బుల్లమ్మ పేరున ఒకటి విడిగా పెట్టాను, ఆమె గోడల మధ్య. ఇన్నాళ్ళూ ఆ గడప దాటలేకపోయాను.

ఎల్లుండి తర్వాతి రోజు సోమవారం. ఈ సోమవారం మౌనం పట్టను. పొద్దున్నే పాలకేంద్రం దగ్గరికి వెళ్ళి, గిరిబాబు ఎక్కడ అరిచాడో అక్కడ నిలబడి చెప్తాను. నా గొంతు నీకు తెలుసు కదా, పక్క గదికి కూడా వినిపించదు. వినిపించేదాకా చెప్తాను.

మీ నాన్నని క్షమించమని అడుగు. నీ తరఫున మాత్రమే అడుగు. నాది నేను అడుక్కుంటాను.

ఈ కాగితాలు దాచు తల్లీ. పుస్తకంలో వెయ్యకు, మీ నాన్నకి చూపించకు, ఎవరికీ చూపించకు. సోమవారం నాకు కాళ్ళు ఆడలేదని తెలిస్తే నువ్వే వచ్చి, నా చెయ్యి పట్టుకుని అక్కడిదాకా నడిపించు. అప్పుడు కూడా ఇవి తియ్యకు. నా బదులు కాగితం చెప్తే, అది మళ్ళీ నేను తల ఊపకపోవడమే అవుతుంది.

పెద్దమ్మ